గోతాం బరువు

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చాను. ఆన్‌లైన్‌లో ఒక కోచ్‌ని పెట్టుకున్నాను. ఆయన బెంగళూరులో ఉంటాడు. తంటా అంతా ఈ మూడో ముక్కలోనే ఉంది. రాత్రిళ్లు దుప్పటి కప్పుకునే ఊళ్లో కూర్చుని, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బెజవాడ వాడికి ఆయన పెట్టిన మెసేజ్: "రోజూ గంటసేపు జాకెట్ వేసుకుని పరిగెత్తండి. ఒంటికి వేడి అలవాటు కావాలి."

"పుట్టి పెరిగింది ఇక్కడే సార్, ఇంకేం అలవాటు?" అన్నాను.

ఏసీ ఆఫీసు, ఏసీ కారు, ఏసీ పడకగదిలో బతికేవాడికి ఆ అలవాటు కొన్ని వారాల్లోనే పోతుందట. నిజమే, అది ఉన్నది మా అమ్మకి. డాబా మీద మిట్టమధ్యాహ్నం వడియాలు తిరగేసి, ఏమీ కానట్టు దిగొస్తుంది. నాకు మాత్రం 10 నుంచి 14 రోజులు పడుతుందట. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటిభాగం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. ఆ తర్వాత చెమట తొందరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది.

బాగానే ఉంది. కానీ పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోవాలట. తగ్గిన ప్రతి కిలోకీ లీటరు చెమట, దానికి తాగిన నీళ్లు కలుపుకోవాలి. ఇంట్లో మిషన్‌కి సెల్ అయిపోయింది. వీధి చివర కిరాణా కొట్లో బియ్యం బస్తాలు తూచే కాటా ఉంది.

వెళ్లేటప్పుడు టీషర్టు, నిక్కరుతో 81.400. పరిగెత్తాను. జాకెట్‌తోనే తిరిగొచ్చి ఎక్కితే 81.650!

దారిలో లీటరు నీళ్లు తాగిన మాట నిజమే, అయినా పావుకిలో పెరగడమేంటి? ముందురోజు రాత్రే కోచ్ గారు నా నిద్ర చెడగొట్టే సంగతి పంపించి ఉన్నారు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం, అంటే రక్తంలో ఉప్పు, తగ్గిందట, నీళ్లు మరీ ఎక్కువ తాగి పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువట.

"బాబాయ్, నాకు సోడియం పడిపోతోందేమో" అన్నాను, కాటా మీంచి దిగకుండానే.

కొట్టు పెట్టకముందు ఆయన ధాన్యం వ్యాపారం చేశాడు. కళ్లజోడు సర్దుకుని, నన్ను కింద నుంచి పైదాకా బస్తాని చూసినట్టే చూశాడు.

"గోతాం బరువు తీసేశావా అబ్బాయ్?"

గోతాం అంటే నా జాకెట్. కారిన చెమటలో సగం ఎక్కడికీ పోలేదు, దాంట్లోనే ఉంది. పైగా వెళ్లేటప్పటి తూకంలో జాకెట్టే లేదు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువుకి తట్టని సంగతి.

విప్పబోతే జిప్పు కదల్లేదు. ఇద్దరు హమాలీలు వచ్చి చెరో చెయ్యీ పట్టుకుని, బస్తా కుట్టు విప్పినంత శ్రద్ధగా నన్ను బయటికి లాగారు. పప్పులు తూచే చిన్న కాటా మీద కవరు పరిచి, బాబాయ్ జాకెట్ పెట్టాడు. 1.250.

"నికరం 80.400, తరుగు కిలో!" అని వీధికంతా వినిపించేలా చదివాడు. "ధాన్యానికి తేమ 17 శాతం దాటితే కొనరు. నిన్ను మిల్లు గేటు కూడా దాటనివ్వరు."

నల్ల జాకెట్ మీద తెల్లటి చారలు కనిపించాయి. గోటితో గీకి చూశాడు. "ఉప్పు. ఓ ప్యాకెట్ ఇమ్మంటావా?"

మినప్పప్పుకి వచ్చిన మా పై ఫ్లోర్ ఆవిడ ఇదంతా ఓపిగ్గా చూసి, "అన్నయ్యగారూ, మీ తర్వాత నాదేనా?" అంది.

"టీషర్టు కూడా తడే కదండీ, అదీ తీస్తే లెక్క సరిగ్గా వస్తుంది" అన్నాడు ఒక హమాలీ. శాస్త్రం అతని పక్షానే ఉంది. పైగా ఫీజు అడగలేదు. నేను మాత్రం ఆవిడ వైపు చూసి, టీషర్టు రెండు చేతులతో పట్టుకున్నాను. "పోన్లే, దానికో వంద గ్రాములు వేసుకుందాం" అని బాబాయ్ రాజీ కుదిర్చాడు.

కిలో తరుగు, లీటరు నీళ్లు, ఈ వంద గ్రాములు. మొత్తం 2.1 లీటర్లని కోచ్‌కి పంపాను. ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. కాసేపటికి, "నెక్స్ట్ టైమ్ బట్టల్లేకుండా తూచుకోండి, ఇంకా కరెక్ట్‌గా ఉంటుంది" అని వచ్చింది. నెలకి మూడు వేలు కడుతున్నాను.

ఈ జాకెట్ పరుగు ఇంకా పదకొండు రోజులుంది. రేపు పొద్దున ఏడింటిదాకా లారీ లోడు దిగుతుందట, ఆ తర్వాత రమ్మన్నాడు బాబాయ్.