తలలోది, పెన్‌డ్రైవ్‌లోది

చెల్లదని 150 ఏళ్లుగా తెలిసిన షరతు ఒకటి మన ఆఫర్ లెటర్లలో ఇప్పటికీ దర్జాగా కూర్చుని ఉంటోంది. ఉద్యోగం మానేశాక ఏడాదో రెండేళ్లో ఇదే రంగంలో సొంత వ్యాపారం పెట్టకూడదన్నది దాని సారాంశం. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనే కాదు, మందుల కంపెనీల నుంచి కోచింగ్ సెంటర్ల దాకా కనిపించే రాత ఇది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, న్యాయబద్ధమైన వృత్తి, వ్యాపారాలు చేయకుండా మనిషిని కట్టేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికున్న పేరు, పరపతితో) సహా అమ్మిన వ్యక్తికి మాత్రమే ఆ సెక్షన్ మినహాయింపునిచ్చింది. జీతగాడు అమ్మింది గుడ్‌విల్ కాదు.

సుప్రీంకోర్టు గీసిన గీత కూడా స్పష్టంగానే ఉంది. 1967లో గోలికరి కేసులో టైరు కార్డు నూలు ప్లాంటు ఉద్యోగి ఐదేళ్ల ఒప్పందం మధ్యలోనే పోటీ మిల్లుకు వెళ్తే, ఆ గడువు వరకు ఆపడం సబబేనంది. 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసులో, ఉద్యోగం పోయాక సొంత తనిఖీ సంస్థ పెట్టుకున్న బ్రాంచి మేనేజరును రెండేళ్ల షరతు చూపి ఆపడానికి ఒప్పుకోలేదు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ విషయంలోనూ అదే మాట: ఒప్పందం ముగిశాక బంధనం చెల్లదు. బాండు సంగతి వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయకపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతును కోర్టు సమర్థించింది. అది సర్వీసులో ఉండాల్సిన కాలానికి సంబంధించినది, వెళ్లాక చేసే వ్యాపారాన్ని ఆపేది కాదు. ఈ తేడా చెప్పకుండా ఆ తీర్పును చూపించి ఉద్యోగులను బెదిరించేవాళ్లున్నారు.

మరి చెల్లని షరతు ఎందుకు రాస్తారు? భయపెట్టడానికి. లాయరు నోటీసు అందగానే కొత్త సంస్థకు పెట్టుబడి పెడతానన్నవాడు వెనక్కి తగ్గుతాడు. రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా తొక్కిపట్టడం, చేరిన రోజు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగివ్వకపోవడం ఈ బెదిరింపు బాపతే.

అయితే కంపెనీల గోడంతా అబద్ధం కాదు. మనిషి తలలో మోసుకెళ్లే అనుభవాన్ని ఎవరూ లాక్కోలేరు. పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లే సోర్స్ కోడ్, మందు తయారీ ప్రాసెస్ కాగితాలు, ధరల పట్టిక మాత్రం కంపెనీవే. ఉద్యోగంలో భాగంగా రాసినదానిపై, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిదేనని చట్టం చెబుతోంది. ఖాతాదార్ల జాబితా మీద గొడవే ఎక్కువ. 1995లో బర్లింగ్టన్ కేసులో ఢిల్లీ హైకోర్టు కష్టపడి కూర్చిన జాబితాకు కాపీరైట్ రక్షణ ఇచ్చింది. ఎవరైనా ఫోన్ డైరెక్టరీలోంచి ఏరుకోగలిగిన పేర్లకు మాత్రం రహస్యం అన్న ముద్ర నిలవడం కష్టం.

ఇలాంటి కేసులు చాలావరకు ఓడిపోయేది చట్టం దగ్గర కాదు, సాక్ష్యం దగ్గర. వెళ్లిపోయినవాడి ల్యాప్‌టాప్‌ను వారంలోపే ఫార్మాట్ కొట్టి కొత్తగా చేరినవాడికి ఇచ్చేస్తారు. మూడు నెలల తర్వాత అనుమానం వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. కీలక స్థానంలోని మనిషి రాజీనామా ఇస్తే ఆ యంత్రాన్ని పక్కన పెట్టి, డిస్కుకు ఫోరెన్సిక్ నకలు (చెరిపిన ఫైళ్ల ఆనవాళ్లతో సహా ఉన్నదున్నట్టు ప్రతి) తీయించి, హ్యాష్ విలువ (డేటాలో ఏ చిన్న మార్పు జరిగినా పట్టిచ్చే సంఖ్య) నమోదు చేయాలి. సొంత మెయిల్‌కు పంపుకున్న ఫైళ్లు, పెన్‌డ్రైవ్ తగిలించిన తేదీల లాగ్‌లు చెరిగిపోకముందే భద్రపరచాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి. రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఇక కొత్త కంపెనీ రిజిస్ట్రేషన్ తేదీ, జీఎస్టీ నమోదు తేదీ, వెబ్‌సైటు పేరు కొన్న తేదీ. వీటిలో ఏది రాజీనామాకు ముందున్నా కేసు రంగు మారిపోతుంది. సొంత దుకాణం తెరవాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సిందీ ఇదే.

కోర్టుకెళ్లడంలో ఆలస్యం చేస్తే ఇంజంక్షన్ (అవతలివాణ్ని ఆపే కోర్టు ఉత్తర్వు) దొరకడం కష్టమవుతుంది. అవతలివాడికి నోటీసు లేకుండా ఉత్తర్వు తెచ్చుకున్నా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ 3వ రూలు ప్రకారం పిటిషన్, ప్రమాణపత్రం, దావా ప్రతి, పత్రాల నకళ్లు వెంటనే పంపి, ఆ రోజో మర్నాడో ఆ సంగతి అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. 30 రోజుల్లో ఆ దరఖాస్తు తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. పంపడంలో తప్పు జరిగితే ఎదుటి పక్షానికి అదే ఆయుధం. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద పోలీసు ఫిర్యాదుకూ దారి ఉంది. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా లేదా రెండూ. దాన్ని ఒత్తిడి సాధనంగా వాడితే మాత్రం కోర్టులు పసిగట్టకపోవు.

వాణిజ్య రహస్యాలకు మన దేశంలో ఇప్పటికీ ప్రత్యేక చట్టం లేదు. లా కమిషన్ 2024 మార్చిలో 289వ నివేదికలో ఒక ముసాయిదా ఇచ్చింది. పార్లమెంటు దాన్ని చేతికి తీసుకున్నప్పుడు రెండు సంగతులు అనుమానానికి తావులేకుండా రాయాలి: రహస్యమని చెప్పుకునే సంస్థ దాన్ని కాపాడుకోవడానికి ఏం చేసిందో ముందు చూపాలి, ఉద్యోగి నేర్చుకున్న పనితనం రహస్యం కిందికి రాకూడదు. రెండోది లేకపోతే 27వ సెక్షన్ గెంటేసిన షరతే ఇంకో గుమ్మం గుండా ఇంట్లోకి వస్తుంది.