వార్మర్ ఇద్దాం సరే, అమ్మకు కుర్చీ ఎవరిస్తారు?

మా చెల్లికి ఏడో నెలలోనే కాన్పయింది. బాబు బరువు 1,150 గ్రాములు. విశాఖలో 43 రోజులు ‘బాక్సులో’ ఉన్నవాడు ఇప్పుడు ఇల్లంతా పాకేస్తున్నాడు. మొదటి పుట్టినరోజు హడావుడి మానేసి, ఆ డబ్బుకు బంధుమిత్రులు ఇచ్చింది కలిపి నవజాత శిశువుల వార్డుకు ఏదైనా ఇద్దామనుకున్నాం. అందరి నోటా ఒకటే మాట: వార్మర్ (బిడ్డ ఒంటిని వెచ్చగా ఉంచే యంత్రం) కొందాం, దాని మీద వాడి పేరు రాయిద్దాం.

ఆ ఆశలో తప్పు లేదు. కానీ ఆ 43 రోజుల్లో నేను చూసింది వేరు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న బాలింతలు కారిడార్లో చాప పరుచుకుని పడుకునేవారు. రెండు గంటలకోసారి గోడ పట్టుకుని లేచి, పాలు పిండి, చిన్న స్టీలు గిన్నెలో నర్సుకు అందించేవారు. గిన్నె అడుగు తడిస్తే చాలు, మా చెల్లి ముఖం వెలిగిపోయేది.

తల్లిని బిడ్డకు దూరంగా ఉంచడం ఆమెకు కష్టమే కాదు, బిడ్డకూ నష్టమే. బిడ్డను తల్లి గుండెలకు హత్తుకుని ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటాలో మొదలైంది. పుట్టిన వెంటనే దాన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అది జరిగిన అయిదు దేశాల్లో మనదీ ఒకటి. అందులోని పిల్లల బరువు కిలో నుంచి 1,800 గ్రాముల లోపే, అంటే మా వాడిలాంటివాళ్లే. గంటల తరబడి బిడ్డను అలా పట్టుకోవాలంటే తల్లికి వార్డు లోపలే మంచమో, వెనక్కి వాలే కుర్చీయో ఉండాలి. దానికి విరాళాలు అడిగేవాళ్లు తక్కువ.

రెండోది కళ్లు. రెండు కిలోల లోపు, లేదా 34 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు నెల తిరక్కముందే రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకైతే రెండు, మూడు వారాలకే. నెలలు నిండని పిల్లల రెటీనాకు వచ్చే జబ్బు ముదిరేదాకా ఊరుకుంటే చూపు పోతుంది. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచీ, పాడేరు ఏజెన్సీ నుంచీ వస్తారు. డిశ్చార్జ్ అయ్యాక ఘాట్ రోడ్డు దిగి మళ్లీ రావాలంటే తండ్రికి ఆ రోజు కూలి పోతుంది. జననీ శిశు సురక్ష పథకం కింద జబ్బుపడిన బిడ్డకు ఏడాది దాకా ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం, రవాణా కూడా. పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.

నర్సుల జీతాలు ప్రభుత్వ బాధ్యతే, వాటిని విరాళాలతో నెట్టుకురావాలనడం లేదు. యంత్రం వద్దనీ కాదు. అయితే కొనిచ్చిన వార్మర్‌లో బిడ్డ ఒంటి వేడి కొలిచే ప్రోబ్ పాడైతే మార్చడానికి డబ్బుండాలి కదా! ఇచ్చేవాళ్లు ముందుగా వార్డు సిస్టర్‌నే అడగాలి.

మేం అడిగాం. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “కుర్చీలమ్మా, వెనక్కి వాలేవి” అంది. ఆరు కొంటున్నాం. మిగిలింది కంటి పరీక్షకు వచ్చేవాళ్ల ఛార్జీలకు, ఒక పూట భోజనానికి. ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా ఇవ్వాలో, లెక్క ఎవరు రాయాలో ఇంకా మాట్లాడుకుంటున్నాం.