నీలం మూత ట్యూబు గీత దాకా నింపండి, రిపోర్టులో ఏం కొలిచారో రాయండి

బెంగళూరులో వానలు పట్టుకున్నాయంటే డెంగ్యూ సీజన్ వచ్చినట్టే, ప్లేట్‌లెట్లు పడిపోయాయని రిపోర్టు రాగానే ఇంటిల్లిపాదీ బొప్పాయి ఆకుల కోసం పరిగెడతారు, డాక్టర్లకీ ముందు తట్టేది డెంగ్యూనే, అందులో తప్పేం లేదు, చాలాసార్లు అదే అవుతుంది కూడా. కానీ ఎప్పుడో ఒకసారి అది టీటీపీ (థ్రాంబోటిక్ థ్రాంబోసైటోపెనిక్ పర్పురా) అనే అరుదైన రక్తపు జబ్బు అవుతుంది. ట్రీట్‌మెంట్ లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది దాకా చనిపోయే జబ్బు ఇది, టైంకి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, తీసేసి దాతలది ఎక్కిస్తే మాత్రం ఎక్కువమంది బతుకుతారు. కేఆర్ పురం, మారతహళ్లిలో ఉంటున్న మనవాళ్లకీ, హిందూపురం, మదనపల్లె నుంచి రాత్రికి రాత్రి అంబులెన్సులో ఇక్కడికొచ్చే కుటుంబాలకీ ఈ సంగతి తెలియాలి.

ఈ జబ్బుని మొదట వివరంగా రాసింది 1924లో, న్యూయార్క్ డాక్టర్ ఎలీ మోష్కోవిట్జ్. అసలు లోపం ఒక ఎంజైమ్‌ది అని, దాని పేరు అడామ్స్-13 (ADAMTS13) అని తేలేసరికి 2001 వచ్చింది. రక్తంలో వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అని ఒక పొడుగాటి ప్రోటీన్ ఉంటుంది, ప్లేట్‌లెట్లు దానికే అతుక్కుంటాయి, దాన్ని ఎప్పటికప్పుడు ముక్కలు చేసేది ఈ ఎంజైమ్. మన ఒంట్లో తయారైన యాంటీబాడీలే దీన్ని దెబ్బకొడితే సన్న రక్తనాళాల్లో, మెదడులో గుండెలో కిడ్నీలో, రక్తపు గడ్డలు కడతాయి, ప్లేట్‌లెట్లన్నీ అక్కడే ఖర్చయిపోయి కౌంట్ పడిపోతుంది.

మరి ఈ ఎంజైమ్‌ని కొలిచేదెలా అంటే, చాలాచోట్ల వాడేది ఎలీసా, అంటే యాంటీబాడీలతో ప్రోటీన్‌ని పట్టి రంగుని బట్టి కొలిచే పద్ధతి. 1971లో స్వీడన్‌లో వచ్చిన ఈ పద్ధతిని ఈ ఎంజైమ్‌కి రెండు రకాలుగా వాడతారు, చిక్కంతా ఇక్కడే. ఒకటి యాంటిజెన్ టెస్టు, శాంపిల్‌లో ఆ ప్రోటీన్ ఎంత ఉందో మాత్రమే చెప్తుంది. రెండోది యాక్టివిటీ టెస్టు, ప్లేటు మీద వాన్ విల్లెబ్రాండ్ ముక్క అతికించి ఉంచుతారు, శాంపిల్‌లోని ఎంజైమ్ దాన్ని కోస్తే ఆ కోసిన చోటునే పట్టుకునే యాంటీబాడీ వేసి రంగు చూస్తారు. హాజరుపట్టీలో పేరుంది కదా అని మనిషి పనిచేస్తున్నాడని అనుకోలేం, అలాగే యాంటిజెన్ పర్లేదనిపించినా యాక్టివిటీ మామూలు స్థాయిలో 10 శాతం కంటే తక్కువ ఉండొచ్చు, టీటీపీ అని తేల్చేది ఆ రెండో అంకే. అందుకే రిపోర్టులో ఉత్తినే ‘అడామ్స్-13’ అని రాసి పక్కన ఒక నంబరు వేస్తే డాక్టరుకి సరిపోదు.

మెషీన్ కంటే ముందు ట్యూబు గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఎక్కువ రిపోర్టులు పాడయ్యేది అక్కడే. దీనికి కావాల్సింది నీలం మూత సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబు, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్, గీత దాకా నిండకపోతే ఆ లెక్క తప్పి రిజల్టు కూడా తప్పుతుంది. కౌంట్ కోసం ఎలాగూ తీశాం కదా అని ఊదా మూత ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే ఇంకో మందు) ట్యూబే పంపితే ఇంకా ఘోరం, ఈ ఎంజైమ్ పనిచేయాలంటే కాల్షియం, జింక్ ఉండాలి, ఈడీటీఏ రెండిటినీ లాగేసుకుంటుంది, అప్పుడు బాగున్న మనిషికి కూడా యాక్టివిటీ లేనట్టే వస్తుంది. ఇంకోటి, ప్లాస్మా ఎక్కించకముందే టెస్టుకి రక్తం తీయాలి, తర్వాత తీస్తే కనిపించేది దాత ఎంజైమ్, అది ఒంట్లో సగానికి తగ్గడానికే రెండు మూడు రోజులు పడుతుంది. శాంపిల్ తీసి ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టేయాలి గానీ రిపోర్టు కోసం ఆగకూడదు, ఈ మాట పేషెంటు బంధువులకి కూడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

ఇన్ని పెద్ద ఆసుపత్రులున్న ఊళ్లో కూడా ఇలాంటి శాంపిళ్లు వేరే ఊరి ల్యాబుకి వెళ్లి రోజుల తరబడి ఆగే పరిస్థితి ఉంటే అది మాకు అస్సలు సమంజసంగా అనిపించట్లేదు. కర్ణాటక ప్రభుత్వం ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఒకదాంట్లోనైనా ఈ యాక్టివిటీ టెస్టు రోజూ జరిగేలా చూడాలి, ప్రైవేటు ఆసుపత్రులు కూడా అక్కడికే శాంపిల్ పంపుకునే వీలుండాలి. ప్రతి ల్యాబు రిపోర్టు మీద ఏ పద్ధతి, ఏ ట్యూబు, ప్లాస్మాకి ముందా తర్వాతా అన్నది అచ్చు వేయాలి. కోలుకున్నవాళ్లకి కూడా ఈ టెస్టు మళ్లీ మళ్లీ అవసరం, పైకి ఏమీ తెలియకుండానే యాక్టివిటీ పడిపోయి జబ్బు తిరగబెడుతుంది కాబట్టి, ఆ ఖర్చుని ప్రభుత్వ బీమా పథకాల్లో చేర్చమని కర్ణాటకనీ, సరిహద్దు అవతల ఉన్న ఆంధ్రప్రదేశ్‌నీ రెండిటినీ అడుగుతున్నాం.