సంజాయిషీ కోరుతూ జ్ఞాపకశక్తి గారికి

గౌరవనీయులైన జ్ఞాపకశక్తి గారికి,

నమస్కారములు. పుట్టిన నాటి నుంచీ మీరు నా వద్దే కొలువులో ఉన్నారని అనుకుంటున్నాను. అయితే మొదటి రెండు మూడేళ్ల తాలూకు కాగితం ఒక్కటి కూడా మీ బీరువాలో దొరకదు కనుక, చేరిన తేదీ గురించి గట్టిగా చెప్పలేను. ఇన్నేళ్లలో మీ మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం ఇదే మొదటిసారి. ఇదివరకే చేసి ఉంటే, ఆ సంగతీ మీరే చెప్పాలి.

నిన్న సాయంత్రం కత్తెర కోసం పక్కగదిలోకి వెళ్ళాను. గడప దాటేసరికి ఎందుకొచ్చానో తెలియలేదు. గది నడుమ నిలబడి అలమరా వంక, కిటికీ వంక, చివరికి పైకప్పు వంక కూడా చూసి, ఉత్త చేతులతో వెనుదిరిగితే బాగుండదని ఒక దిండు సర్ది వచ్చాను. కుర్చీలో కూర్చోగానే "కత్తెర!" అన్నారు మీరు. దీనికి మీ దగ్గర సమాధానం సిద్ధంగా ఉందని తెలుసు. గాబ్రియేల్ రాడ్వాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2011లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒకే గదిలో అంతే దూరం నడిచినప్పటి కంటే గుమ్మం దాటినప్పుడే మనుషులు తాము మోస్తున్న వస్తువేదో ఎక్కువగా మరిచిపోయారు. గుమ్మం రాగానే పాత గది దస్త్రం కట్టేసి కొత్తది తెరవడం మీ కార్యాలయపు ఆనవాయితీ కాబోలునని వారి వివరణ. ఆనవాయితీ మంచిదే కావచ్చు. కానీ కొత్త గదికి నేను వెళ్ళిందే పాత దస్త్రంలోని పని మీద కదండీ!

పేర్ల విషయంలో మీ నిర్వాకం మరీ దారుణం. ఒకప్పుడు నాతో కలిసి పనిచేసిన పెద్దమనిషి మొన్న ఎదురుపడి ఆప్యాయంగా నా చేయి పట్టుకున్నారు. ఆయన ఏ కుర్చీలో కూర్చునేవారో, మాట మొదలుపెట్టే ముందు ఎలా సకిలించేవారో, నా గొడుగు తీసుకుని ఎన్నాళ్లకు తిరిగి ఇచ్చారో అన్నీ విప్పి చూపించారు మీరు, పేరు తప్ప. పైగా అది 'స'తో మొదలవుతుందనీ, మూడక్షరాలదనీ ఊరించారు. ఇది మీకు పాత అలవాటే. 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు పరిశోధకులు, మాట నాలుక చివర ఆడుతూ బయటికి రాని వేళ కూడా దాని మొదటి అక్షరాన్నీ, ఎన్ని అక్షరాలుంటాయన్న సంగతినీ జనం చాలాసార్లు సరిగానే చెప్పగలరని చూపించారు. నా పక్కనున్న మిత్రుడికి ఆయనను పరిచయం చేయవలసి వచ్చి, "మీరిద్దరూ ఇదివరకే కలుసుకున్నారు కదూ?" అని బొంకాను. ఇద్దరూ పాపం తలూపారు. వారి ఇళ్లలోనూ మీవంటి వారే ఉన్నట్టున్నారు. అర్ధరాత్రి రెండు గంటలకు నన్ను లేపి ఆ పేరు అప్పజెప్పినందుకు మాత్రం ధన్యవాదాలు.

మీ తరఫున వకాల్తా పుచ్చుకునేవారు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్‌ను సాక్షిగా పిలుస్తారు. అర్థం లేని అక్షరాల జాబితాలను తానే వల్లించి, తనను తానే పరీక్షించుకుని, మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోతుందనీ, ఆ తరువాత జారుడు నెమ్మదిస్తుందనీ 1885లోనే తేల్చిన మహానుభావుడాయన. అర్థం లేనివాటిని మీరు పారేస్తే నాకేమీ అభ్యంతరం లేదు. అయితే, మూడో తరగతిలో మాస్టారిని "నాన్నా" అని పిలిచిన ఆ క్షణంలో ఏ అర్థం కనబడి, నవ్వినవాళ్లు ఏ బెంచీలో ఉన్నారో సహా దానిని నేటికీ చెక్కుచెదరకుండా కాపాడుతున్నారో సెలవియ్యండి.

సరే, మరుపును క్షమిస్తాను. క్షమించలేనిది మీ దొంగ రాతలను. ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, కార్లు "ఢీకొన్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని కొందరినీ, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని మరికొందరినీ అడిగారు. వారం తరువాత, పగిలిన గాజు చూశారా అంటే మొదటి 50 మందిలో 7గురు, రెండో 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో గాజు ముక్కే లేదు. ఎవరో ఒక మాట తేడాగా అడిగితే చాలు, మీరు గాజు పగలగొట్టి, ముక్కలు కూడా చల్లి, కింద ముద్ర వేసి ఇస్తారన్నమాట.

నా ఇంట్లో మీరు చేసింది అంతకంటే ఘనమైన పని. చిన్నప్పుడు సైకిలు మీంచి కంకరలో పడి మోకాలు చీరుకుపోవడం నాకు స్పష్టంగా గుర్తుంది. చర్మంలో దిగిన చిన్న నల్లరాయి, దాన్ని తీస్తున్నప్పుడు నా కళ్లకు అడ్డం పెట్టిన చేయి, అన్నీ. మా అక్కకూ అవన్నీ గుర్తున్నాయి, తనకు జరిగినట్టుగా. కవలల మీద 2001లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒకే సంఘటన తనదంటే తనదని ఇద్దరూ వాదించుకోవడం కనిపించిందని చదివాక, కవలలం కాని మేమూ దెబ్బలాట మాని మోకాళ్లు చూసుకున్నాం. మచ్చ అక్క మోకాలి మీదే ఉంది. నేను ఓటమి ఒప్పుకోబోతుండగా, ఆ మచ్చ మెట్ల మీంచి పడినప్పటిదనీ, సైకిలు మీంచి పడింది మా ఇద్దరిలో ఎవరూ కాదు, నాన్నగారనీ అమ్మ చెప్పింది.

కాబట్టి మా ముగ్గురి వద్దా పనిచేస్తున్న తమ శాఖలు ఒకచోట కూర్చుని, పడిందెవరో తేల్చి తెలియజేయవలసిందిగా ప్రార్థన. అంతవరకూ ఆ నొప్పి నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
తమ మీద ఆధారపడిన
ఒక అభాగ్య యజమాని