కల్లుకు లేని మహిమలు అంటగట్టకండి

ఎండలు ముదిరాయంటే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఈ మెసేజ్ వచ్చి పడుతుంది. ఈసారి ఒకే రోజు ముగ్గురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: "కల్లు చెట్టు పాలు, మద్యం కానే కాదు. కిడ్నీలో రాళ్లను కరిగిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగొచ్చు. బాలింతకు పాలు పడతాయి, పిల్లలకు బలం వస్తుంది. ఎంత కిక్కు ఇస్తే అంత అసలైన కల్లు." కింద పదిమందికి పంపమని విన్నపం.

నాకు కల్లంటే ఇష్టం. మా మేనమామది నల్లగొండ జిల్లాలో గీత వృత్తి, ముప్పై ఏళ్లుగా తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కుతున్నాడు. నా చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఆయన చెట్టెక్కే మోకు వెనకాలే గడిచాయి. అందుకే ఈ మెసేజ్ చూస్తే ఊరుకోలేకపోతున్నాను. ఇందులో ఒక్కో మాటా ఎవరో ఒకరి ప్రాణం మీదికి తెచ్చేదే.

ముందు "మద్యం కాదు" అన్న మాట చూద్దాం. తాటి గెలను గీస్తే కారేది తియ్యటి నీళ్లు. అందులో నూటికి పది పాళ్లకు పైగా చక్కెర ఉంటుంది. ఆ బొట్టు లొట్టిలో, అంటే చెట్టుకు కట్టిన కుండలో, పడ్డ క్షణం నుంచే పులియడం మొదలవుతుంది, ఎందుకంటే లొట్టి గోడలకు నిన్నటి ఈస్టు అంటుకునే ఉంటుంది. చిన్నప్పుడు లొట్టి ఎందుకు కడగవని అడిగితే మామ అన్నాడు: "కడిగి సున్నం పూస్తే నీరా అయితది అల్లుడా. నిన్నటి వాసన ఉంటెనే ఇయ్యాల కల్లు పొంగేది." ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్‌ని, నురగనిచ్చే గ్యాస్‌ని వదులుతుంది. పొద్దున దింపిన దాంట్లో తీపి ఎక్కువ, మత్తు తక్కువ. మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. ఆల్కహాల్ లేని నీరా వేరు, కల్లు వేరు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ పెట్టింది ఆ పులియని రసం కోసమే. మెసేజ్ రాసినవాళ్లు నీరా సుగుణాలు తెచ్చి కల్లుకు తగిలించారు.

"విస్కీతో పోలిస్తే కల్లు ఏమీ కాదు" అని ఇంకో మాట కూడా తగిలిస్తారు. చిన్న లెక్క చూడండి. పులిసిన కల్లులో సుమారు 5 శాతం ఆల్కహాల్ ఉందనుకుంటే, లీటరులో 40 గ్రాముల దాకా ఉంటుంది. మన దగ్గర అమ్మే 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో ఉండేది 20 గ్రాములు. అంటే లీటరు కల్లు రెండు పెద్ద పెగ్గులతో సమానం. మంచి సీజన్‌లో చెట్టు కింద కూర్చున్నవాడు లీటరుతో లేస్తాడా? లివర్‌కు అది తాటిదా బార్లీదా అన్న తేడా తెలియదు. ఆల్కహాల్ ఇంత మోతాదు వరకు ఏ ప్రమాదమూ లేదని చెప్పడానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

ఇంత చెప్పినా, పొద్దున్నే చెట్టు కింద తాగే కల్లు రుచిని నేను కాదనలేను. చలికాలం ఈత కల్లు, అది తగ్గేసరికి తాటి కల్లు, ఏజెన్సీ వైపు వెళ్తే జీలుగు కల్లు. దేని రుచి దానిదే. తాటాకు రేక మడిచి రెండు చేతులా పట్టుకుంటే మామ పైనుంచి లొట్టి వంచేవాడు. నురగలో తేలే తేనెటీగను ఊది పక్కకు తోసి, రేక అంచుకు పెదవి ఆనించి తాగాలి. పచ్చి తాటాకు వాసన కూడా కల్లుతోపాటే లోపలికి వెళ్తుంది. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఉడికించిన గింజల గుడాలో, నిప్పుల మీద కాల్చిన ఎండుచేపో ఉంటే అంతకన్నా ఏం కావాలి. దాన్ని రుచి కోసం తాగుతున్నామని ఒప్పుకుంటే సరిపోతుంది. మందు చీటీ రాసినట్టు రోగాల పేర్లు చెప్పడం ఎందుకు?

రాళ్ల విషయానికొస్తే, ఈ మాట నమ్మి మా బాబాయి కొడుకు రెండు నెలలు రోజూ కల్లు తాగాడు. స్కానింగ్‌లో రాయి పెద్దదే అని తేలినా ఆస్పత్రికి వెళ్లలేదు. చివరికి రాయి జారి మూత్రనాళంలో ఇరుక్కుంది. జ్వరం, వణుకు, ఇన్‌ఫెక్షన్. అర్ధరాత్రి తీసుకెళ్తే మూత్రం పారడానికి స్టెంట్ (సన్నటి గొట్టం) వేయాల్సి వచ్చింది. మన దగ్గర ఎక్కువమందికి వచ్చే కాల్షియం ఆక్సలేట్ రాళ్లు ఏది తాగినా కరగవు. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే మూత్రంలో కొట్టుకుపోతాయి. అలా పోయిన రోజు కల్లు తాగి ఉంటే పేరు కల్లుకు దక్కుతుంది. కల్లు తాగాక మూత్రం ఎక్కువగా వచ్చే మాట నిజమే, కానీ అది ఆల్కహాల్ ఒంట్లో నీటిని బయటికి తోసేయడం వల్ల. ఎండాకాలం ఒళ్లు ఎండిపోతే కొత్త రాళ్లు కట్టడానికి అదే దారి. రాళ్లున్నవాళ్లకు కావలసింది బిందెడు మంచినీళ్లు, డాక్టరు సలహా.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి ఇంకా టెన్షన్. పొద్దుటి కల్లులో చక్కెర, సాయంత్రం కల్లులో ఆల్కహాల్. ఎటు చూసినా వాళ్లకు మంచిది కాదు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో ఖాళీ కడుపుతో తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, తూలడం, మాట తడబడటం కనిపిస్తాయి. చూసినవాళ్లు "ఎక్కువైంది, పడుకోనీ" అని వదిలేస్తారు. అలా వదిలేయడమే ప్రాణం తీస్తుంది.

బాలింతలకు, పిల్లలకు అన్న మాట రాసినవాళ్లు ఎవరైనా సరే, దయచేసి ఆ వాక్యం తీసేయండి. తల్లి రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. పైగా పాలు దిగడానికి తోడ్పడే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను అది తగ్గిస్తుంది. ఈస్టు వల్ల కల్లులో కొన్ని బి విటమిన్లు ఉంటాయి, కాదనను. అవి పప్పులో, గుడ్డులో, ఆకుకూరల్లో కూడా ఉన్నాయి. వాటి కోసం ఎదిగే పిల్లల మెదడును పణంగా పెట్టక్కర్లేదు.

ఇక ఆఖరి మాట, "ఎంత కిక్కు ఇస్తే అంత అసలైనది". నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. చెట్టు కల్లు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. రెండు గ్లాసులకే కళ్లు మూతలు పడి, నాలుక మడత పడి, మర్నాడు అదే టైముకు చేతులు వణుకుతున్నాయంటే తాగింది ఉత్త కల్లు కాదని అనుమానించాలి. ఒక్కో తాడు రోజుకిచ్చేది కొద్ది లీటర్లే. దానికి కూడా మనిషి రోజూ ఎక్కి గెల కొస గీయాలి. చుట్టుపక్కల చెట్లన్నీ కొట్టేసి ప్లాట్లు చేసిన చోట అన్ని సీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నీళ్లు, తీపికి శాకరిన్, పైన మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం. చివరి రెండూ డాక్టర్లు చీటీ మీద రాసే మాత్రల మందులు. ఆల్కహాల్‌తో కలిస్తే ఊపిరి తీసుకునే వేగమే మందగిస్తుంది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, అలవాటు పడ్డవాళ్లు వందల్లో ఆస్పత్రులకు చేరారు. ఫిట్స్, పిచ్చి చూపులు, పొంతనలేని మాటలు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కుటుంబాలకు కుటుంబాలే ఇబ్బంది పడ్డాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులే పోయారు. వాళ్లలో ఎక్కువమంది రోజు కూలీలు. తక్కువ ధరకు ఎక్కువ కిక్కు అన్న మాట చేరేది వాళ్లకే.

ఈ కల్తీ వల్ల గీత కార్మికుడికి కూడా అన్యాయమే జరుగుతుంది. మోకు, ముస్తాదు లాంటి సరంజామా కట్టుకుని అంత ఎత్తు ఎక్కే మనిషి పట్టు జారితే నడుము విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే. అంత కష్టపడి దింపిన కల్లు "ఇది ఎక్కట్లేదు, కాంపౌండ్‌దే (కల్లు దుకాణానిదే) నయం" అనిపించుకుంటుంది. మామ ఈ మాట విన్న రోజు తెచ్చిన లొట్టి అలాగే చెట్టు మొదట్లో పారబోశాడు. నేను పక్కనే ఉన్నాను.

గ్రూపులో ఇదంతా టైప్ చేసి పెట్టాక మా పెద్దక్క అడిగింది, "మరైతే తాగాలా, వద్దా?" అని. షుగర్, లివర్, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు, పిల్లలు వద్దే వద్దు. మిగతావాళ్లు అది మద్యమే అని తెలుసుకుని, కొంచెంతో ఆపగలమో లేదో చూసుకుని నిర్ణయించుకోవాలి. బండి తెచ్చుకుంటే ముట్టనే వద్దు. నా మటుకు నేను ఎక్కడికి వెళ్లినా రెండే అడుగుతాను: "ఏ తాడుది? ఎప్పుడు దింపినవ్?" మామ అయితే మాట్లాడకుండా గట్టు మీది చెట్టు వైపు చెయ్యి చూపిస్తాడు. మోకు ఇంకా ఆయన భుజం మీదే ఉంటుంది.