నాన్న పడుకునే వేళైంది

రాత్రి తొమ్మిది కొట్టగానే నా ఫోన్‌లో ఓ ఎలుగుబంటి పిల్ల ప్రత్యక్షమై ఆవలిస్తుంది. "పడుకునే వేళైంది, బంగారూ! మిగతాది రేపు చూసుకుందాం" అంటుంది. నాకు నలభై నాలుగేళ్ళు. ఈ మధ్య నన్ను బంగారూ అని పిలుస్తున్న ప్రాణి అదొక్కటే.

తప్పు ఎలుగుబంటిది కాదు. పదకొండేళ్ళ మా అమ్మాయికి ఫోన్ కొనిచ్చినప్పుడు నా ఆశలన్నీ పెద్దవే. 2003 నుంచీ నడుస్తున్న తెలుగు వికీపీడియాను అటూ ఇటూ తిరగేస్తుందనీ, గ్రహాల గురించీ గణితం గురించీ నేను జవాబు చెప్పలేని ప్రశ్నలు అడుగుతుందనీ అనుకున్నాను. నెల తిరక్కుండానే గది తలుపు దగ్గరగా వేసుకోవడం, నేను వెళ్తే ఫోన్ బోర్లించడం మొదలైంది. ఇంక నాకు టెన్షన్ పట్టుకుంది. మూసిన తలుపు వెనక ఏం జరుగుతోందో ఊహించుకోవడంలో తండ్రులను మించినవాళ్ళు లేరు. ఒక సాయంత్రం ఉండబట్టలేక తలుపు తీసి చూశాను.

అది చూశాక, పిల్లల ఫోన్‌కి కాపలా కాసే యాప్ ఒకటి డౌన్‌లోడ్ చేశాను.

దాన్ని రెండు ఫోన్లలోనూ వేసుకోవాలి. ఒకటి తల్లిదండ్రులది, ఒకటి బిడ్డది. ఒకదాంట్లో క్యూఆర్ కోడ్ వస్తే రెండోదాంతో స్కాన్ చెయ్యాలి. ఇక్కడే నా తెలివి చూడాలి: మా ఇద్దరికీ ఒకే రకం ఫోన్లు, ఒకే రకం నల్ల కవర్లు కొన్నాను. పైగా అమ్మాయికి తెలియకూడదని వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా నిలబడ్డాను. కళ్ళజోడు హాల్లో ఉంది. 'ఈ ఫోన్ వాడేది ఎవరు?' అని అడిగితే 'బిడ్డ' అని నొక్కాను. పుట్టిన తేదీ అడిగితే అమ్మాయిది ఇచ్చాను. షరతులు మాత్రం కళ్ళజోడు లేకపోయినా కసిగా పెట్టాను. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా చదువు, వీడియోలు రోజుకు అరగంట, ఆటలు సున్నా, రాత్రి తొమ్మిదికి మూత. ఇంత కఠినంగా ఉండకూడదేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే.

మర్నాడు సాయంత్రం ఆఫీసులో మేనేజరు గారు "ఆ లెక్కలు ఒకసారి చూపించు" అన్నారు. ఫోన్ తీశాను. ఎలుగుబంటి. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం పట్టుకుని ఉంది. 'ఇది హోంవర్క్ సమయం!' ఆయన ఫోన్ వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "సరే, కానియ్యి" అని వెళ్ళిపోయారు.

అప్పుడు వెలిగింది, ఏ ఫోన్ ఏదో. ఆ సరికే ఇంట్లో అమ్మాయి పిన్ మార్చేసింది.

ఏడు దాటాక బాత్రూంలో దూరి 'ఈ కంట్రోల్స్ ఎలా తీసెయ్యాలి' అని వెతికాను. రెండు నిమిషాల్లో తలుపు చప్పుడు. బయటికొస్తే అమ్మాయి. తన ఫోన్‌కి వచ్చిన హెచ్చరిక చూపించింది: 'మీ బిడ్డ నియంత్రణలను తప్పించుకునే దారులు వెతుకుతున్నట్టుంది. కోప్పడకండి. పక్కన కూర్చుని ప్రేమగా మాట్లాడండి.'

"నాన్నా, కూర్చో" అంది.

కూర్చున్నాను. ప్రేమగానే మాట్లాడింది. "నీ మీద నమ్మకం లేక కాదు నాన్నా, బయటివాళ్ళ మీద లేక" అంది. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. అన్నవాణ్ణి నేనే.

యాప్‌లో ఇంకో ముక్క కూడా ఉంది: 'మీ బిడ్డకు 13 నిండాక తన ఖాతా తనే చూసుకోవచ్చు. ఇంకా 1 సంవత్సరం 7 నెలలు.' ఈ 13 లెక్క అమెరికాలో 1998లో చేసిన చట్టంలోంచి వచ్చింది. అంతకన్నా చిన్న పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో సేకరించాలంటే కన్నవాళ్ళ అనుమతి ఉండాలన్నారు. ఆ గొడవెందుకని చాలా కంపెనీలు ఖాతాకు కనీస వయసు 13 అని పెట్టేశాయి. ఆ చట్టం వచ్చేనాటికే నాకు మీసాలు వచ్చాయి కాబట్టి నన్ను తాకలేదు. ఇన్నేళ్ళకు వెతుక్కుంటూ వచ్చి తాకింది.

ఫిల్టరు సంగతి వేరే. ఆఫీసువాళ్ళు పంపిన పింఛను పథకం పేజీని 'ఇది పెద్దవాళ్ళ విషయం' అని ఆపేసింది. కాదని ఎలా అనను? ఫిల్టర్లకు ఈ అతి జాగ్రత్త కొత్త కాదులెండి. 1996లో ఇంగ్లండ్‌లోని స్కంథార్ప్ అనే ఊరివాళ్ళు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఖాతా తెరవబోతే కుదరలేదు. ఊరి పేరు మధ్యలో ఓ బూతుమాట నక్కి ఉందట. పాపం, ఆ ఊరివాళ్ళకి అప్పటిదాకా అది ఊరే.

ఆదివారం పొద్దున వారం రిపోర్టు వచ్చింది. అమ్మాయి హాల్లో నిలబడి పైకి చదివింది. "అదనపు సమయం కోసం అడిగినవి 23 సార్లు. నిద్రవేళ దాటాక ఫోన్ తెరవబోయినవి 14 సార్లు." మా ఆవిడ వైపు జాలిగా చూశాను, ఆ పిన్ ఏదో ఇప్పించమని.

"ఉండనివ్వండి. నిన్న రాత్రి నేను చెప్పింది మొత్తం విన్నారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి" అంది.

ఇది ఫోన్‌లోనే టైప్ చేస్తుంటే తొమ్మిదైంది. ఎలుగుబంటి రానే వచ్చింది. ఇంకో ఇరవై నిమిషాలు కావాలని అర్జీ పెట్టాను. 'కారణం?' అని వచ్చింది. మన ఇంటి గురించి హాస్య వ్యాసం రాస్తున్నానన్నాను. 'ముందు చూపించు.' చూపించాను. ఆ రోజు తలుపు తీసి ఏం చూశానో రాసిన పేరా మొత్తం తీసేస్తే పది నిమిషాలిస్తానంది.

బేరమాడి పదిహేనుకు ఒప్పించాను.