నా పొట్టకు నేను బాధ్యుణ్ణి కాను

నా పొట్ట పెరగడానికి కారణం నేను కాదని ఇందుమూలంగా యావన్మంది బంధుమిత్రులకు తెలియజేయడమైనది. ఇన్నాళ్ళూ ఆ నింద థైరాయిడ్ మీదా, మా తాతగారి మీదా వేస్తూ వచ్చాను. థైరాయిడ్ రిపోర్టు నార్మల్ అంది. తాతగారు ఫొటోలో పుల్లలా ఉన్నారు. ఇక మిగిలింది పేగుల్లోని బ్యాక్టీరియా.

మనిషి ఒంట్లో ఇవి సుమారు 38 లక్షల కోట్లని 2016లో లెక్క తేల్చారు. (రాష్ట్రం అప్పు అనుకునేరు!) అన్నీ కలిపి తూచినా పావుకిలో ఉండవట. నేను పెరిగింది 18 కిలోలు. మిగతా పదిహేడు ముప్పావు సంగతేమిటని మా ఆవిడ అడిగింది. పరిశోధనలు జరుగుతున్నాయని చెప్పాను.

సాక్ష్యం లేకపోలేదు. అమెరికాలో జెఫ్రీ గోర్డన్ అనే శాస్త్రవేత్త బృందం ఒకరు లావు, ఒకరు సన్నంగా ఉన్న కవలల్ని వెతికి, వాళ్ళ మలంలోని బ్యాక్టీరియాను ఎలుకల్లోకి ఎక్కించింది. లావాటివాళ్ళ సరుకు పడ్డ ఎలుకలకు కొవ్వు పెరిగింది. 2013లో అచ్చయిన ఈ ముక్క మా ఆవిడకు పైకి చదివి వినిపించాను. కింది పేరా మాత్రం మనసులో చదువుకున్నాను. రెండు రకాల ఎలుకల్నీ ఒకే బోనులో పెడితే ఒకదాని పెంటికలు ఇంకోటి తిని, సన్నవాటి బ్యాక్టీరియా రెండోవాటికి చేరి, కొవ్వు పట్టడం ఆగిందట. అదీ పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న మేత వేసినప్పుడే. కొవ్వు మేత వేస్తే ఆ సహవాసం దండగే.

పీచు మనకు అరగదు. పెద్దపేగులో ఉన్నవాళ్ళకు అదే అన్నం. దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు తయారుచేసి పేగుగోడ కణాలకు పెడతాయి. ఒకరకంగా నెలనెలా అద్దె కడుతున్నట్టే. పీచు ఆపేస్తే గోడకున్న జిగురుపొరనే గీక్కు తింటాయని ఎలుకల్లో చూశారు. నేను పంపేది తెల్లన్నం, మైదా పరోటా, స్వీట్లు. వాటిలో చాలామటుకు చిన్నపేగులోనే నా ఒంటికి పట్టేస్తుంది, కిందివాళ్ళకు ఖాళీ సంచి. మధ్యలో రేషన్ మింగే డీలర్ని ఇన్నాళ్ళూ తిట్టాను గానీ, ఈ షాపు డీలర్ని నేనే.

మా అమ్మ రాత్రన్నంలో మజ్జిగ పోసి పొద్దున్నే ఉల్లిపాయతో పెట్టేది. చద్దన్నమా అని మొహం తిప్పుకున్నాను. ఇప్పుడు బొటనవేలంత సీసాలో ప్రోబయోటిక్ (అంటే మేలుచేసే బ్యాక్టీరియా) అని రాసిస్తే డబ్బు పెట్టి కొని, బిర్యానీ తిన్నాక తాగుతున్నాను.

ఇది రాస్తుండగా లోపల్నుంచి గుడగుడమంది. సంఘం వాళ్ళు వినతిపత్రంతో వచ్చినట్టున్నారు. చిక్కుడుకాయ కూర రేపటినుంచి అని హామీ ఇచ్చి, ప్రస్తుతానికి రెండు మిరపకాయ బజ్జీలతో సర్దిచెప్పాను.